పొద్దును చూసేది ఆకు – శాస్త్రవేత్త చైలాఖ్యాన్ జీవితం

దివిసీమ చివర కోడూరు చేలల్లో ఊడ్పులు ఊడ్చిన పెద్దలకు ఒక సంగతి కొత్త కాదు. పాత సార్వా రకాలు చాలావరకు, నారు పది రోజులు ముందు పోసినా వెనక పోసినా, పగటి పొద్దు కురచయ్యాక ఇంచుమించు ఒకేసారి ఈనేవి. మా వైపు పగలు జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలు. ఈ తేడా మొక్కకెట్లా తెలుస్తుంది? జవాబు కోసం జీవితమంతా పెట్టిన మనిషి మిఖాయిల్ చైలాఖ్యాన్.

ఆయన 1902లో రష్యాలోని రోస్తోవ్ దగ్గర ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టారు. యెరెవాన్‌లో చదివి, లెనిన్‌గ్రాడ్‌లో, మాస్కోలో పనిచేశారు. పొద్దును బట్టి పూత వస్తుందని 1920లోనే అమెరికాలో గార్నర్, అల్లార్డ్ తేల్చారు. మరి పొద్దును చూసేది మొక్కలో ఏ భాగం? చైలాఖ్యాన్ చామంతి పైభాగాన ఆకులు గిల్లేసి, కింది ఆకులకు మాత్రం కురచ పొద్దు చూపించారు. పైన మొగ్గ తొడిగింది. తిప్పి చేస్తే తొడగలేదు. అంటే చూసేది ఆకు, పూసేది కొన. నడుమ కబురు మోసే పదార్థం ఒకటుందని చెప్పి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టారు.

ఈ మాట అధికారుల అండ ఉన్న లైసెంకో వర్గానికి గిట్టలేదు. 1948లో చైలాఖ్యాన్ ఉద్యోగం పోయింది. సోషలిజం పేరు చెప్పి చేసిన ఈ అన్యాయాన్ని మేము దాచం. చేలో తేలాల్సిన నిజాన్ని పదవితో తేలిస్తే చివరికి నష్టపోయేది కష్టజీవే. ఆయన పట్టు వదల్లేదు. తిరిగి పనిలో చేరారు, 1991లో కన్నుమూశారు. వరి ఆకులో పుట్టి కొనకు చేరే ఆ ప్రోటీన్‌ను 2007లో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు.

ఇది మనకెందుకంటారా? ఇప్పటి రకాలు చాలావరకు పొద్దుకు అంతగా కట్టుబడవు, రోజుల లెక్కన పండుతాయి. కాలువ నీరు శివారుకు ఆలస్యంగా వస్తే ఊడ్పూ కోతా రెండూ వెనకబడతాయి. తుపాను భయం పెరుగుతుంది, వరి వెనక చల్లే మినుము అదను తప్పుతుంది. పొద్దుకు కట్టుబడే రకమైతే ఈనిక ఆగదు గాని, పిలకలు వేసే రోజులు తగ్గి గింజ తరుగుతుంది. ఎటు చూసినా దెబ్బ కౌలురైతుకూ కూలికీ.

కాబట్టి శివారుకు నీరు ఏ తేదీకి వస్తుంది, ఆ తేదీకి ఏ విత్తనం తగింది అని అడుగుదాం. ఊడ్చే ఆడకూలీలు కూడా సభలో లేచి అడగాలి.