ఆడనివ్వని చోటే ఆట నేర్చిన కోచ్ – జాన్ మెక్‌లెండన్

జాన్ మెక్‌లెండన్ 1915లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో నల్లజాతి కుటుంబంలో జన్మించారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరినా, నల్లవాడన్న కారణంతో బాస్కెట్‌బాల్ జట్టులో చోటివ్వలేదు. ఆయన కుంగిపోలేదు. ఆ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గరే మెళకువలు నేర్చుకుని 1936లో పట్టభద్రులయ్యారు.

తర్వాత నార్త్ కరోలినాలో నల్లజాతి కాలేజీకి కోచ్ అయ్యారు. అక్కడ తెల్లవారితో కలిసి ఆడడం నిషేధం. అందుకే 1944లో ఒక ఆదివారం ఉదయం, తలుపులు మూసి, డ్యూక్ వైద్య విద్యార్థుల జట్టుతో రహస్యంగా ఆడించారు. 88–44తో గెలిచారు. అంత గొప్ప ఆట అభిమానుల కంట పడనేలేదు!

టెన్నెసీ స్టేట్ జట్టుకు 1957, 58, 59లలో వరుసగా జాతీయ టైటిళ్లు సాధించిపెట్టారు. 1999లో కన్నుమూశారు.

మిత్రులారా! ఎంపికలో ప్రతిభను కాక పుట్టుకను చూస్తే ఓడేది ఆటే. మనల్ని పక్కన పెట్టినా, నేర్చుకోవడం మాత్రం ఆపవద్దు.