పాటతో నిలదీసిన సాహిర్

రేడియోలో పాత హిందీ పాట వస్తే రఫీ సాహెబ్ గొంతును ఇట్టే గుర్తుపడతాం. లతాజీ పాటైతే మన పిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ ఆ మాటలు ఎవరు రాశారని మనలో ఎంతమందిమి అడుగుతాం? అలా అడగకపోవడం న్యాయం కాదని పట్టుబట్టిన కవి సాహిర్ లుధియాన్వీ.

ఆయన అసలు పేరు అబ్దుల్ హయీ. 1921 మార్చి 8న పంజాబ్‌లోని లుధియానాలో జన్మించారు. తండ్రి జమీందారు, పలువురిని పెళ్లాడిన వ్యక్తి. ఆ ఇంట ఇమడలేక తల్లి సర్దార్ బేగం కొడుకును తీసుకుని బయటికి వచ్చేశారు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా కోర్టుకెక్కింది. చివరికి ఆయన తల్లి నీడలోనే, లేమిలో, భయంలో పెరిగారు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు ఆడదాన్ని ఎలా చూస్తారో ఆయనకు పుస్తకాలు చెప్పనక్కర లేకపోయింది.

తొలి కవితా సంపుటికి 'తల్ఖియాన్' అని పేరు పెట్టారు. చేదు అనుభవాలని దాని అర్థం. దేశ విభజన తర్వాత లాహోర్‌లో 'సవేరా' పత్రికలో ఆయన రాతలు అక్కడి ప్రభుత్వానికి గిట్టలేదు. అరెస్టు వారెంటు వెలువడగా 1949లో ఢిల్లీకి, అక్కడి నుంచి బొంబాయికి చేరారు.

1951లో 'నౌజవాన్', 'బాజీ' చిత్రాల పాటలతో పేరొచ్చింది. పేరుతో పాటు సాహిర్ కలం మెత్తబడలేదు. వేశ్యావాటికల దైన్యం మీద తాను లోగడ రాసిన కవితను 1957లో గురుదత్ 'ప్యాసా' కోసం మళ్లీ రాశారు. బరువైన ఫారసీ పదాలు తీసేసి, రిక్షావాలాకు కూడా అర్థమయ్యే మాటలు పెట్టారు. కోపం మాత్రం తగ్గించలేదు. మరుసటి ఏడాది 'సాధన'లో, మగవాణ్ణి కన్న స్త్రీనే మగవాడు అంగడి సరుకును చేశాడని నిలదీశారు. అదే ఏడాది 'ఫిర్ సుబహ్ హోగీ'లో, తలదాచుకోను చోటులేని యువకుడి నోట ఇక్బాల్ సాహెబ్ ప్రసిద్ధ గీతాన్నే వ్యంగ్యంగా మలిచారు. 1959లో 'ధూల్ కా ఫూల్' వచ్చింది. అందులో దిక్కులేని పసివాణ్ణి చేరదీసిన ముస్లిం వృద్ధుడు, మతం పేరు కన్నా మనిషితనం గొప్పదని ఆ బిడ్డకు పాడి వినిపిస్తాడు.

సినిమా పాటంటే చిన్నచూపు ఉన్న రోజులవి. పుస్తకం కొనలేనివాడి దగ్గరకు పాట వెళుతుందని సాహిర్ గ్రహించారు. అందుకే ఆకాశవాణిలో గాయకుడితో పాటు కవి పేరూ చెప్పాలని పోరాడి సాధించారు. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. పెళ్లి చేసుకోకుండా, తల్లి బతికున్నంత కాలం ఆమెతోనే ఉన్నారు.

1980 అక్టోబర్ 25న ఆయన కన్నుమూశారు. బొంబాయి జుహూ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. కొత్త ఖబరులకు చోటు చాలక 2010లో ఆయన సమాధిని తొలగించారు. 2013లో తపాలా బిళ్ల వచ్చింది గాని, మట్టి మీద గుర్తు మిగల్లేదు.

ఈసారి ఆ పాటలు వినబడితే, పిల్లలకు గాయకుడి పేరుతో పాటు సాహిర్ పేరు కూడా చెబుదాం. ఆయన అడిగిన ప్రశ్నలకు మన ఇళ్లలో మనమేం జవాబు చెబుతున్నామో కూడా ఆలోచిద్దాం.