సుబ్బారావు గారి మందు, మన ఇంటి చీటీ



1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. అమెరికా వెళ్లిన ఆయన, లెడర్లీ సంస్థలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్ తయారుచేయించారు. స్ప్రూకు అది మందైంది. తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులూ వచ్చాయి. వాటితో బోస్టన్‌లో బ్లడ్ క్యాన్సర్ పిల్లలు కొందరు కొంతకాలం కోలుకున్నారు. కానీ అవి మంచి కణాలనూ దెబ్బతీసేవి. 1948లో ఆయన కన్నుమూశారు.

ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. కాలి సిరలో రక్తం గడ్డకడితే ఇచ్చే మందులూ అంతే: ఎక్కువైతే రక్తస్రావం, మధ్యలో మానేస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు. చైతన్యపురిలోని మీ ఇంట్లో తాతయ్య, నాయనమ్మల మందుల చీటీ ఒకసారి చూడండి. మోతాదు మార్చాల్సింది డాక్టరే.