నంబర్లు వేసిన ప్రింటర్

లేటెక్‌లో లేబుల్ పెట్టి రెఫ్ అని రాస్తే నంబర్ అదే పడుతుంది. మధ్యలో కొత్త సెక్షన్ చేర్చినా రెండుసార్లు కంపైల్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఇవేవీ లేని కాలంలో బైబిల్‌కి చేత్తో నంబర్లు వేసిన రాబర్ట్ ఎస్టియెన్ అంటే నాకు భలే ఇష్టం.

1503లో పారిస్‌లో ప్రింటర్ల ఇంట్లో పుట్టాడు. 1531లో పెద్ద లాటిన్ నిఘంటువు వేశాడు, తర్వాత రాజుగారి ప్రింటర్ అయ్యాడు. ఆయన బైబిళ్ళలోని నోట్సు సోర్బాన్ పండితులకి నచ్చలేదు. 1547లో రాజు ఫ్రాన్సిస్ పోవడంతో అండ పోయింది. 1550లో జెనీవా వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు వేసిన గ్రీకు కొత్త నిబంధనలో వచనాలకి నంబర్లిచ్చాడు. అధ్యాయాలు అప్పటికే ఉన్నాయి. ఏ మాట ఎక్కడుందో చూపే పదసూచిక ఆయన ప్లాన్. పేజీ నంబరిస్తే ప్రతి ముద్రణకీ మారిపోతుంది కదా! పారిస్ నుంచి లియోన్ వెళ్తూ దారిలో వేశాడని కొడుకు హెన్రీ రాశాడు. గుర్రం మీదే వేశాడంటారు గానీ, సత్రాల్లో కూర్చుని వేసుంటాడని నా అనుమానం.

మన భాషలో ఇది హార్డ్‌కోడింగే. మత్తయి 17వ అధ్యాయంలో 21వ వచనం చాలా పాత రాతప్రతుల్లో లేదని ఇప్పటి ఇంగ్లీషు అనువాదాలు కొన్ని తీసేశాయి. అయినా రీనంబరింగ్ చెయ్యలేదు, 20 తర్వాత నేరుగా 22. చేస్తే పాత పుస్తకాల్లోని రెఫరెన్సులన్నీ తప్పుతాయి. మన ఆటోల వెనక కనిపించే యోహాను 3:16లో ఆ 16 ఆయన వేసిందే.

1559లో జెనీవాలో చనిపోయాడు. ఆ గ్రీకు పదసూచికని హెన్రీ 1594లో వేశాడు.