పోలీసులపై విచారణకు తెరిచిన తలుపులు: జస్టిస్ వి.ఎం. తార్కుండే జీవితం

1977 మార్చిలో కేంద్రంలో ప్రభుత్వం మారింది. ఆ మరుసటి నెలలో జయప్రకాశ్ నారాయణ్, అత్యవసర పరిస్థితి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ మరణాల వాస్తవాలు తేల్చడానికి ఒక పౌర సంఘాన్ని నియమించారు. దానికి అధ్యక్షులుగా ఆయన ఎంచుకున్నది దిల్లీలో సుప్రీంకోర్టు న్యాయవాదిగా ఉన్న అరవై ఏడేళ్ల మాజీ న్యాయమూర్తి విఠల్ మహాదేవ్ తార్కుండేను. ఆ సంఘానికి చట్టం ఇచ్చిన అధికారం ఏదీ లేదు. పోలీసు అధికారికి సమన్లు పంపలేదు, స్టేషన్ రికార్డులు తెప్పించలేదు, ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోలేదు. అయినప్పటికీ పోలీసుల చేతిలో జరిగిన మరణాన్ని పోలీసులే విచారించుకుంటే సరిపోతుందా అన్న ప్రశ్నను మన దేశంలో గట్టిగా నిలబెట్టిన ప్రయత్నాల్లో అది ముఖ్యమైనది. తెలుగు నాట నేటికీ దానిని తార్కుండే కమిటీ అనే పిలుస్తారు.

తార్కుండే 1909 జూలై 3న పుణె జిల్లాలోని సాస్వడ్‌లో జన్మించారు. తండ్రి న్యాయవాది, అస్పృశ్యతను వ్యతిరేకించిన సంస్కర్త. పుణెలో చదువు ముగించి, లండన్‌లో బారిస్టర్ అయి, తిరిగి వచ్చి పుణెలోనే న్యాయవాద వృత్తి ఆరంభించారు. కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో కొంతకాలం పనిచేసిన తరువాత ఎం.ఎన్. రాయ్ ఆలోచనల వైపు మళ్లారు. 1942లో వృత్తిని వదిలి రాయ్ స్థాపించిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి పూర్తికాలం పనిచేశారు. 1944లో దాని ప్రధాన కార్యదర్శి అయ్యారు. పార్టీలు అధికారం కోసం మనిషిని మరచిపోతాయన్న నిర్ణయానికి వచ్చి ఆ పార్టీ 1948లో తనను తానే రద్దు చేసుకుంది. రాజకీయ చరిత్రలో ఇటువంటి ఉదాహరణలు అరుదు. తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటి వారి ద్వారా రాయ్ భావాలు తెలుగు పాఠకులకు అప్పటికే పరిచితం. కనుక తార్కుండే తెలుగు దేశానికి పూర్తిగా కొత్తవారు కారు.

పార్టీ రద్దయ్యాక ఆయన బొంబాయి హైకోర్టులో న్యాయవాదిగా చేరి, 1957లో అదే కోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. పన్నెండేళ్లు పనిచేసి 1969లో స్వచ్ఛందంగా పదవి విడిచి దిల్లీకి వచ్చారు. సుప్రీంకోర్టులో న్యాయవాదం, రాయ్ ఆరంభించిన రాడికల్ హ్యూమనిస్ట్ పత్రిక సంపాదకత్వం అప్పటి నుంచి ఆయన వ్యాపకాలు. 1974లో జయప్రకాశ్ దిల్లీలో సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అనే సంస్థను ఆరంభించినప్పుడు ప్రధాన కార్యదర్శి బాధ్యత ఆయనకే దక్కింది.

అత్యవసర పరిస్థితిలో విచారణ లేకుండా నిర్బంధించిన వారు కోర్టుకు వెళ్లవచ్చునా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వచ్చింది. నిర్బంధితుల పక్షాన వాదించిన న్యాయవాదుల్లో తార్కుండే ఒకరు. 1976 ఏప్రిల్ 28న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆ హక్కు లేదని తీర్పు చెప్పారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. న్యాయస్థానం తలుపు మూసుకున్నప్పుడు పౌరుడు ఎక్కడికి పోవాలన్న సమస్య దానితో మిగిలిపోయింది. అదే ఏడాది అక్టోబరులో దిల్లీలో ఏర్పడిన పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్‌డీఆర్, అంటే తరువాతి కాలపు పీయూసీఎల్, ఆ సమస్యకు ఒక జవాబు. దాని కార్యనిర్వాహక అధ్యక్షులు తార్కుండే.

ఈ నేపథ్యంతోనే ఆయన ఆంధ్రప్రదేశ్ పని చేపట్టారు. సంఘంలో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నవకృష్ణ చౌధురి, పాత్రికేయులు బి.జి. వర్గీస్, అరుణ్ శౌరి ఉన్నారు. ఇక్కడి నుంచి ప్రజాకవి కాళోజీ నారాయణరావు, రాడికల్ హ్యూమనిస్టు ఎం.వి. రామమూర్తి, న్యాయవాదులు కె. ప్రతాపరెడ్డి, కె.జి. కన్నబిరాన్ తదితరులు చేరారు. వారిలో నక్సలైటు రాజకీయాలను సమర్థించని వారు ఎందరో ఉన్నారు. తార్కుండే స్వయంగా హింసా మార్గాన్ని ఒప్పుకోని వ్యక్తి. చనిపోయినవారి సిద్ధాంతం ఆయనకు విచారణాంశం కాదు. వారు ఎలా చనిపోయారన్నదే అంశం. ఈ తేడాను ఆనాడు ప్రభుత్వ పక్షం పట్టించుకోలేదు, ఈనాటికీ చాలామంది పట్టించుకోరు.

సంఘం ముందుగా చేపట్టిన సంఘటనల్లో ప్రధానమైనది గిరాయిపల్లి. 1975 జూలై చివరి వారంలో, అత్యవసర పరిస్థితి ప్రకటించి నెల నిండుతున్న వేళ, నాటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు మరణించారు. వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి సూరపనేని జనార్దన్ వారిలో ఒకరు. తమపై కాల్పులు జరిపినందువల్ల ఎదురుకాల్పులు జరపవలసి వచ్చిందని పోలీసుల కథనం. పత్రికలపై సెన్సారు ఉన్న ఆ రోజుల్లో ఆ కథనాన్ని పరీక్షించే వీలు ఎవరికీ లేకపోయింది. దాదాపు రెండేళ్ల తరువాత తార్కుండే సంఘం ఆ ప్రాంత ప్రజలను, మృతుల బంధువులను కలిసి వాంగ్మూలాలు సేకరించింది. యువకులను ముందుగానే పట్టుకుని, అడవిలో చెట్లకు కట్టి కాల్చి చంపారన్నది సంఘం నిర్ణయం. మరికొన్ని మరణాలపైనా విచారణ జరిపి, ఎదురుకాల్పుల కథనాలు నమ్మదగినవి కావని నివేదించింది. స్వతంత్ర న్యాయ విచారణ జరిపించాలని కోరింది.

సంఘం నివేదికలు తీర్పులు కావు. పోలీసుల వాదన వినకుండా చేసినవన్న విమర్శ వచ్చింది. కేంద్రంలో జనతా ప్రభుత్వం, రాష్ట్రంలో జలగం వెంగళరావు నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వం ఉన్న సమయం కనుక రాజకీయ దురుద్దేశం కూడా ఆపాదించారు. మొదటి విమర్శలో కొంత పస ఉంది. అయితే పోలీసులను పిలిచి అడిగే అధికారం సంఘానికి లేనందువల్లనే ఆ లోటు ఏర్పడింది, ఆ అధికారమున్న విచారణ కావాలన్నదే సంఘం కోరిక కూడా. రాష్ట్ర ప్రభుత్వం చివరకు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ వశిష్ఠ భార్గవతో 1977లోనే కమిషన్ వేసింది.

భార్గవ కమిషన్ విచారణ మొదట అందరి ఎదుటా సాగింది. సంఘం తరఫున కన్నబిరాన్ పోలీసు సాక్షులను క్రాస్ ఎగ్జామినేషన్ చేశారు. ఒక ఎన్‌కౌంటర్ గురించి, దానిని జరిపామన్న అధికారులు పదిమందిలో నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పవలసి రావడం రాష్ట్రంలో కొత్త విషయం. వారి సమాధానాలు పత్రికల్లో రాసాగాయి. కొంతకాలానికి విచారణను రహస్యంగా జరపాలన్న నిర్ణయం వచ్చింది. తలుపులు మూసిన గదిలో పాల్గొనడం కంటే బయటికి రావడమే మేలని పౌరహక్కుల పక్షం కమిషన్‌ను బహిష్కరించింది. తరువాత కమిషన్ పని అర్ధాంతరంగా ముగిసింది. 1978 శాసనసభ ఎన్నికల్లో కాళోజీ సత్తుపల్లి వెళ్లి వెంగళరావుపైనే పోటీ చేసి ఓడిపోయారు. విచారణలో దొరకని జవాబును ఓటరు దగ్గర వెదకిన ప్రయత్నంగా దానిని చెప్పుకోవచ్చు.

జనతా పాలనలో పౌరహక్కుల సంస్థ నిద్రావస్థలోకి జారింది. నిన్నటి సహచరులు అనేకులు అధికారంలోకి వెళ్లారు, ఇక అవసరమేముందని మరికొందరు అనుకున్నారు. 1980లో సంస్థను పీయూసీఎల్ పేరుతో పునరుద్ధరించినప్పుడు అధ్యక్షులు మళ్లీ తార్కుండేనే. ఆ మధ్య కాలంలో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ పనిచేసింది. కస్టడీలో మరణం వంటి ఘటనల్లో న్యాయ విచారణ తప్పనిసరి కావాలనీ, పోలీసులను రాజకీయ ఒత్తిడి నుంచి కాపాడేందుకు రాష్ట్రాల్లో భద్రతా కమిషన్లు ఉండాలనీ సూచించింది. 1979 నుంచి 1981 వరకు ఎనిమిది నివేదికలు వెలువడి అల్మారాల్లో చేరాయి.

హైదరాబాద్‌లో జరిగినది దిల్లీలో మరింత పెద్ద స్థాయిలో ఎదురయింది. 1984 అక్టోబరు 31న ప్రధాని ఇందిరా గాంధీ హత్య అనంతరం రాజధానిలో సిక్కులపై మారణకాండ జరిగింది. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి వంటి కాలనీల్లో రోజుల తరబడి హత్యలు సాగాయి. దిల్లీలో మృతుల సంఖ్య 2,733 అని తరువాత అధికారికంగా తేల్చారు. దిల్లీ పోలీసులు అప్పుడూ ఇప్పుడూ కేంద్ర హోం శాఖ పరిధిలోనివారు. స్థానికంగా ఎన్నికైన వారికి వారిపై అధికారం లేదు. కనుక పక్క వీధి పోలీసు రాకపోతే దిల్లీ పౌరుడు నిలదీయవలసింది నేరుగా కేంద్ర ప్రభుత్వాన్ని.

అక్కడ కూడా ముందుగా వాస్తవాలు సేకరించింది పౌర సంస్థలే. పీయూసీఎల్, పీయూడీఆర్ కొద్ది వారాల్లోనే ఉమ్మడి నివేదిక వెలువరించాయి. 1985 జనవరిలో సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ మరొకటి ప్రచురించింది. దానికి తార్కుండే ముందుమాట రాశారు. పోలీసులు కొన్నిచోట్ల లేకుండా పోయారనీ, కొన్నిచోట్ల ఉండి చూస్తూ ఊరుకున్నారనీ, ఇంకొన్నిచోట్ల గుంపులకు తోడ్పడ్డారనీ బాధితులు చెప్పిన మాటలు ఈ నివేదికల్లో నమోదయ్యాయి. అదే ఏడాది పంజాబ్‌లో అణచివేతపై ఆ సంస్థ ప్రచురించిన నివేదికను ప్రభుత్వం నిషేధించింది.

1985లో ప్రభుత్వం జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్‌ను నియమించింది. బాధితుల పక్షాన నిలిచేందుకు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎం. సిక్రీ అధ్యక్షతన సిటిజన్స్ జస్టిస్ కమిటీ ఏర్పడింది. అందులో తార్కుండే సభ్యులు. మిశ్రా కమిషన్ కూడా విచారణను రహస్యంగా జరిపింది, పత్రికలకు ప్రవేశం లేదు. 1986లో ఆ కమిటీ కమిషన్ నుంచి వైదొలగింది. భార్గవ కమిషన్ అనుభవం తెలిసినవారికి ఇది పాత కథ పునరావృతమైనట్టే తోచి ఉండాలి. మిశ్రా నివేదిక పోలీసుల వైఫల్యాన్ని అంగీకరించినా బాధ్యులైన అధికారులను గుర్తించే పని మరో కమిటీకి వదిలింది. ఆ పని చేసిన కుసుమ్ లతా మిత్తల్ 1990లో 72 మంది పోలీసులపై చర్యకు సిఫారసు చేశారు.

వార్ధక్యంలోనూ తార్కుండే పత్రిక నడిపారు, నిజనిర్ధారణ బృందాలకు నాయకత్వం వహించారు. 1998లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన 94 ఏళ్ల వయసులో 2004 మార్చి 22న దిల్లీలో మరణించారు.

ఆయన బతికి ఉండగా రాని కొన్ని ఏర్పాట్లు తరువాత వచ్చాయి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదులు వినేందుకు ప్రతి రాష్ట్రంలో, జిల్లాలో ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఉండాలని ఆదేశించింది. దిల్లీలో ఆ బాధ్యతను 2012లో అప్పటికే ఉన్న పబ్లిక్ గ్రీవెన్సెస్ కమిషన్‌కు అప్పగించారు. ముంబయిలో 1995, 1997 మధ్య జరిగిన సుమారు 99 ఎన్‌కౌంటర్లపై పీయూసీఎల్ వేసిన కేసులో 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ప్రకటించింది. వాటి ప్రకారం ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా మరణిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి. దర్యాప్తును మాత్రం సీఐడీ గానీ, వేరే స్టేషన్‌కు చెందిన పోలీసు బృందం గానీ చేయాలి.