రైలు కాయితాలు సూపెట్టుమన్న ప్రొఫెసర్

కాజీపేట జంక్షన్ల రైలెక్కినప్పుడల్లా నాకు ఓ బెంగాలీ ప్రొఫెసర్ యాదికొస్తడు. పేరు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ. సరోజినీ నాయుడు నాయిన అంటే ఎవలైనా గుర్తుపడ్తరు. కానీ మన వరంగల్ మీదికెళ్లి పోయే ఈ పట్టాలతోని ఆయనకున్న సంబంధం శానామందికి ఎరుక లేదు. ఈ లైను కోసం సర్కారు కంపెనీతోని ఏమేం రాసుకుంటున్నదో జనానికి చెప్పుమని అడిగినందుకు ఆయనను 1883ల హైదరాబాద్ రాజ్యం నుంచే ఎల్లగొట్టిన్రు.

నేను ఇంటర్ కాడనే సదువు ఆపినోన్ని. హన్మకొండల పాత పుస్తకాలమ్మే బండి మీద కొన్న ఓ చరిత్ర పుస్తకంల ఈ ముచ్చట తగిలింది. ఒక్కటే పేరా. ఆ పేరా పట్టుకొని లైబ్రరీల చుట్టూ తిరిగి కొంత జమజేసుకున్న.

ఆయన పుట్టింది 1851ల, ఇప్పటి బంగ్లాదేశ్‌ల ఢాకా దగ్గరి బిక్రంపూర్ ప్రాంతంల. బ్రహ్మసమాజం దారి పట్టిండు. స్కాలర్‌షిప్ మీద సముద్రం దాటి ఎడిన్‌బరో పోయిండు. 1877ల రసాయనశాస్త్రంల డీఎస్సీ పట్టా తీసుకున్నడు, అప్పటికి మన దేశపోళ్లల్ల అది అరుదు. 1878ల హైదరాబాద్ వచ్చిండు. గప్పుడు దివాన్ మొదటి సాలార్‌జంగ్. ఇంగ్లీషు సదువు చెప్పే కాలేజీని అఘోరనాథ్ నిలబెట్టిండు, అదే తర్వాత నిజాం కాలేజీ అయింది. ఆడపిల్లల సదువు కోసం కొట్లాడిండు. ఇంట్ల ప్రయోగశాల పెట్టుకొని బంగారం తయారుచేసే విద్య కోసం కూడ తిప్పలుపడ్డడంటరు. నవ్వొస్తది గానీ, సైన్సు సదివినోనికి కూడ గసొంటి పిచ్చి ఒకటి ఉంటే తప్పేమున్నది.

ఇగ రైలు సంగతి. వాడి నుంచి సికింద్రాబాద్ దాంక లైను 1874లనే నడిచింది. దాన్ని ఇటు వరంగల్ మీదికెళ్లి బెజవాడకు, అటు బొగ్గు దొరికే చాందాకు పొడిగియ్యాలని ఇంగ్లీషోళ్ల ఒత్తిడి. అందుకే చరిత్రల దీనికి చాందా రైల్వే పథకమని పేరు పడ్డది. పైస లండన్ల ఉన్న పెట్టుబడిదారులది. లైను నడిపేది కంపెనీ. నష్టమొస్తే మోసేది నిజాం ఖజానా, అంటే శిస్తు కట్టే మన రైతు. 1883 ఫిబ్రవరిల సాలార్‌జంగ్ సచ్చిపోయిండు. గద్దె మీద కూసోవాల్సిన మహబూబ్ అలీఖాన్‌కు ఇంకా అధికారం రాలే, పిలగాడు. అడిగేటోడు లేని ఆ సందుల బేరం జోరందుకున్నది.

అఘోరనాథ్ ఊకోలే. ముల్లా అబ్దుల్ ఖయ్యూం అసొంటి దోస్తులతోని కలిసి ఓ కమిటీ పెట్టిండు. ఈ ఖయ్యూం సాబ్ హైదరాబాద్‌ల కాంగ్రెస్‌ను ముందుగాల బలపరిచిన ముస్లింలల్ల ఒకడు. వీళ్లెవ్వలు రైలు వద్దనలే, ఇది గట్టిగ యాదిపెట్టుకోవాలె. సంతకాలు కాకముందే షరతులు బయటపెట్టున్రి, జనం సదివి మంచిచెడ్డ చెప్తరు అన్నరు, అంతే. సర్కారుకు గదే పెద్ద నేరమైంది. మే నెలల ఆయనను కొలువు నుంచి సస్పెండ్ చేసి రాజ్యం దాటించిన్రు. సరోజినికి గప్పుడు నాలుగేండ్లు. ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ ఇంకా చిన్నోడు. జీతం పోయింది, ఊరు పోయింది.

అదే ఏడాది ఆఖర్ల ఒప్పందం కుదిరింది. కంపెనీ పేరుల్నే గ్యారంటీ అన్న మాట ఉన్నది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. లాభమొచ్చినా రాకున్నా 20 ఏండ్లు పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున వడ్డీ సర్కారు కట్టాలె. 1889 వరకు పట్టాలు బెజవాడ చేరినయి. ఈ బేరాన్ని నడిపిన అధికారి అబ్దుల్ హక్. గనుల కంపెనీకి రాయితీలు ఇప్పిచ్చిన కాడ కూడ ఆయన చెయ్యే ఉన్నది. ఆ గనుల కంపెనీ వాటాల గోల్‌మాల్ 1888ల బయటపడి లండన్ పార్లమెంటు కమిటీ విచారణ దాంక పోయింది. అఘోరనాథ్ అడిగినప్పుడే కాయితాలు బయటపెట్టి ఉంటే ఖజానాకు ఎంత మిగులుతుండెనో అని నాకనిపిస్తది.

ఇదంతా ఇప్పుడెందుకంటరా? పోయిన నెల మా గల్లీల నెట్ వైరు తెగింది. నాలుగు రోజులు రాలే. మా బిడ్డ ఆన్‌లైన్ పరీక్ష పక్కింటోళ్ల ఫోన్ హాట్‌స్పాట్ మీద రాసింది. బిల్లు మాత్రం నిండు నెలది వచ్చింది. ఆ నాలుగు రోజులు ఎందుకు కోస్తలేరని అడిగితే, వచ్చిన పిలగాడు పాపం తనకు తెల్వదన్నడు. వానికి తెల్వదు, నాకూ తెల్వదు. ఆ రాత్రి మళ్ల అఘోరనాథ్ యాదికొచ్చిండు.

అచ్చం గప్పటిలెక్కనే ఉన్నదని నేనంటలేను. ఇప్పుడు వడ్డీ గ్యారంటీ లేదు. 1997 నుంచి ట్రాయ్ ఉన్నది. పని చేసిన రోజులు కూడ ఉన్నయి. కొన్ని వెబ్‌సైట్లు ఫ్రీ, మిగతాయి పైసలకు అనే దందా వచ్చినప్పుడు ట్రాయ్ కాయితం బయటపెట్టి జనాన్ని అడిగింది. లక్షల మంది రాసిన్రు. 2016 ఫిబ్రవరిల ఒక్కో సైటుకు ఒక్కో రేటు చెల్లదని రూల్ తెచ్చింది. 1883ల కమిటీ కోరుకున్నది దగ్గర దగ్గర గిదే.

కానీ రేటు ఎంతుండాలనేది ఎక్కువ శాతం కంపెనీల ఇష్టానికే ఇడిసిపెట్టిన్రు. 2024 జులైల పెద్ద ప్రైవేటు కంపెనీలు మూడు ఒకటెనక ఒకటి మొబైల్ రేట్లు పెంచినప్పుడు మనం రీచార్జి చేసుకునుడు తప్ప చేసిందేమీ లేదు. నీళ్ల పైపుల కోసం జనం పైసలతోని తవ్విన మిషన్ భగీరథ కందకాలల్లనే ఫైబర్ కూడ ఎయ్యాలని సర్కారు తలపెట్టింది. మంచిదే. ఆ తీగల మీద రేపు ఎవలు యాపారం చేస్తరు, ఏ రేటుకు, ఆగిపోతే జవాబు ఎవలది? ఈ షరతులు గ్రామసభల సదివి వినిపిస్తే తప్పేంది? కరెంటు రేటు పెంచాలంటే బహిరంగ విచారణ పెట్టాలె, రైతు లేచి మాట్లాడొచ్చు. నెట్‌కు గట్ల ఎందుకు లేదు?

అఘోరనాథ్ కొన్నేండ్లకు మళ్ల హైదరాబాద్ వచ్చి పాఠాలు చెప్పిండు. 1898ల సరోజిని కులం గానోన్ని, గోవిందరాజులు నాయుడును లగ్గం చేసుకుంటే మన వీరేశలింగం పంతులు మద్రాసుల ఆ పెండ్లి చేయించిండు. నాంపల్లి దిక్కు వాళ్లుండిన గోల్డెన్ త్రెషోల్డ్ ఇల్లు ఇంకా ఉన్నది. 1974ల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లనే. పోయినోళ్లకు ఆడ కవయిత్రి బిడ్డ యాదికొస్తది, తండ్రి కాదు.

ఆఖరి రోజులు కలకత్తాల గడిచినయి. 1915ల అక్కడనే పోయిండు. రైలు కంపెనీని నిజాం సర్కారు కొని సొంతం చేసుకున్నది 1930ల, ఆయన పోయిన 15 ఏండ్లకు.

మా గల్లీ కరెంటు స్తంభాలకు నేను లెక్కబెడితే ఏడు రకాల వైర్లు ఏలాడుతున్నయి. అవి ఎవలెవలివి, స్తంభానికి కిరాయి ఎంత కడుతున్నరు, ఒప్పందంల ఏం రాసి ఉన్నదని సమాచార హక్కు చట్టం కింద మొన్న సోమవారం దరఖాస్తు పెట్టిన. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతజేసిన. 30 రోజుల గడువున్నది.