పంతుళ్లను తీర్చిన పంతులు

గుర్రం జాషువా 1895లో వినుకొండలో జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. చిన్ననాటి బడిలోనే ఆయనకు అంటరానితనం ఎదురైంది. బతుకుదెరువు కోసం రాజమహేంద్రవరం వెళ్లి మూకీ చిత్రాలకు వ్యాఖ్యానం చెప్పారు. అనంతరం గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో దాదాపు 10 ఏళ్లు బోధించారు. బడి అవమానించిన బాలుడే బడులకు పంతుళ్లను తయారుచేశాడు. 1941 నాటి 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని అరుంధతీసుతుని వేదనను శివునికి నివేదించారు. 1971లో కన్నుమూశారు.

నేడు మేళ్లచెరువు, కోదాడ ప్రాంతాల ఛాత్రోపాధ్యాయులు బడికి వెళ్లేది పాఠ్యపథకాలు రాయడం నేర్చుకోవడానికే కాకూడదు. తరగతిలో కులం ఏ పిల్లవాణ్ణి వెనక్కి నెడుతోందో గుర్తించడమూ శిక్షణే. జాషువా జీవితం అందులో తొలి పాఠం కావాలి.